అక్క పక్కన బావ లేని ఫోటోలు

మా బావకు ఫోటో స్టూడియో ఉంది. ఊళ్ళో సగం మంది పెళ్ళిళ్ళు, ముప్పాతిక మంది పాస్‌పోర్టు మొహాలు ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. గడ్డం కొంచెం దించండి, భుజం ఇటు తిప్పండి అంటూ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి ఊపిరాడకుండా సతాయించి గాని మీట నొక్కడు. ఆయన్ని చేసుకున్న పాపానికి మా అక్క, ఆయనకు మరదలినైన పాపానికి నేను, అలా ఎన్నిసార్లు బొమ్మల్లా నిలబడ్డామో ఆ దేవుడికే తెలియాలి.

అక్క ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. విదేశంలో శాశ్వత నివాసానికి, అదే పీఆర్ అంటారే, దానికి ఎప్పుడో అప్లై చేసింది. మీ పేరు కూడా కలుపుతానండీ అంటే, "అవన్నీ వచ్చేవా చచ్చేవా, వచ్చినప్పుడు చూద్దాంలే" అని బావ కొట్టిపారేశాడు. తీరా మొన్న వచ్చేసింది. అక్క ఒక్కదానికే వచ్చింది. అక్కడి ఆసుపత్రి వాళ్ళేమో వెంటనే వచ్చి చేరమన్నారు. ఇక బావ భర్త హోదాలో విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. అది ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి విమానం ఎక్కుతారు, లేకపోతే అక్క ఒక్కతే వెళ్ళాలి.

ఆ మాట విన్నప్పటి నుంచి బావకు తిండి సయించలేదు. పైకి మాత్రం "నువ్వెళ్ళవే, నేనిక్కడ హాయిగా ఉంటా" అని బింకం. అక్క "మీరు లేకుండా నేనేం వెళ్తానండీ" అని ఒకసారి అంటే, "అంతా మీ వల్లే కదండీ" అని పదిసార్లు అంది.

కాగితాలన్నీ దొరికాయి. చివర్లో వీసా ఆఫీసు వాళ్ళు ఒకటి అడిగారు: పెళ్ళినాటి నుంచి ఇప్పటిదాకా భార్యాభర్తలు కలిసి ఉన్న ఫోటోలు. "ఫోటోలకా మనకు కరువు" అని బావ నవ్వాడు. బీరువా మీది డబ్బాలన్నీ కిందికి దించాం. ఎక్కడ చూసినా అక్కే. బస్సు ఎక్కుతూ అక్క, దుప్పటి ఆరేస్తూ అక్క, గాలికి గొడుగు తిరగబడిన అక్క. మచ్చుకి ఒక్కదాంట్లో కూడా బావ లేడు. ఎలా ఉంటాడు, కెమెరా ఇంకొకరి చేతికి ఇస్తే కదా.

"పెళ్ళి ఆల్బం ఉందిగా బావా" అన్నాను. తెరిచి చూస్తే పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ రోజు ఫోటోలు తీయడానికి వచ్చినవాడు లైటు తప్పు పెట్టాడని పెళ్ళికొడుకు స్వయంగా వేదిక దిగి సర్దడానికి వెళ్ళాడు. వెళ్ళినవాడు కెమెరా కూడా లాక్కున్నాడు. ఆల్బం నిండా పెళ్ళికూతురు, పక్కన ఖాళీ కుర్చీ. ఒక్కదాంట్లో మాత్రం ఓ మోచెయ్యి పడింది.

"ఇది నాదే, దీన్ని పంపిద్దాం" అన్నాడు బావ. అక్క చూసిన చూపుకి నేను మెల్లగా వంటింట్లోకి జారుకున్నాను.

మర్నాటికి ఆయనకు బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. స్టూడియోలో కొండలు, సముద్రం, జలపాతం గీసిన పరదాలున్నాయి కాబట్టి, ఇన్నేళ్ళ కాపురాన్నీ ఒక్క మధ్యాహ్నంలో తీసేద్దామన్నాడు. మీట నొక్కే పని నాది. కాపురం మొదట్లో కుర్రాడిలా ఉండాలని జుట్టుకు నల్లరంగు వేసుకొచ్చాడు. అది కడిగితే పోదని వేసుకున్నాక గుర్తొచ్చింది. దాంతో పరదా మారినప్పుడల్లా తల మీద కాస్త పౌడరు చల్లుకుని వయసు పెంచుకుంటూ వచ్చాడు. అక్క వేలికి తెగిన గాయం మీద ప్లాస్టరు ఉంది. అది కొండల దగ్గరా ఉంది, సముద్రం దగ్గరా ఉంది. పోనీ అవైనా కుదిరాయా అంటే, సరిగ్గా నేను మీట నొక్కే సమయానికి "ఆగాగు, లైటు కొడుతోంది" అంటూ బావ లేచి పరుగెత్తుకొచ్చేవాడు. తీరా చూస్తే జలపాతం ముందు కూడా అక్క ఒక్కతే.

"ఇక చాలు ఆపండి. ఈ దొంగ ఫోటోలు పంపితే విమానం కాదు, పోలీసు జీపు ఎక్కిస్తారు" అని అక్క విసురుగా వెళ్ళిపోయింది.

బావ పరదా కింద చతికిలబడ్డాడు. "ఏమ్మా, మీ అక్క నన్ను వదిలేసి వెళ్ళిపోతుందంటావా" అని అడిగాడు. తల నిండా పౌడరేసుకుని ఆ మాట అంటుంటే నవ్వు రావాలి నిజానికి. నాకు ఏడుపొచ్చింది. చివరికి డబ్బాల్లో ఉన్న పాత ఫోటోలే పంపించాం.

కొన్నాళ్ళకు ఇంటర్వ్యూకి పిలిచారు. అక్కకు చెల్లెల్ని కాబట్టి సాక్షిగా నన్నూ రమ్మన్నారు. చిన్న గది, బల్ల, బల్ల మీద మా ఫోటోల కట్ట. అక్కడి అధికారిణి నాకు మూల కుర్చీ చూపించి, "అక్కడ కూర్చోండి, మధ్యలో నోరు తెరవకూడదు" అంది. బుద్ధెరిగాక నాకు అంత కష్టమైన పని ఎవరూ చెప్పలేదు. బావను బయట బెంచీ మీద ఉంచి ముందు అక్కను పిలిచింది.

"ఇందులో మీ ఆయన ఎక్కడున్నారు?"

"ఫోటో తీస్తున్నారండీ."

"మరి ఇందులో?"

"ఇందులోనూ అంతేనండీ."

ఆవిడ ఒక్కొక్కటీ దగ్గరగా పెట్టుకుని చూసింది. "దాదాపు అన్నింట్లోనూ మీరేదో అంటున్నారు. ఏమిటది?"

అక్క తల దించుకుంది. "తిడుతున్నానండీ. గొడుగు ఎగిరిపోతుంటే పట్టుకోవడం మానేసి ఫోటో ఏంటండీ అంటున్నా. దీంట్లో, దుప్పటి రెండో కొస మీ కెమెరా వచ్చి పట్టుకుంటుందా అంటున్నా."

ఆసుపత్రి మెట్ల మీద తీసిన ఫోటో ఒకటుంది. అందులో అక్క నోరు బిగించుకుని ఉంది. అది మాత్రం తనకు గుర్తులేదంది.

తర్వాత అక్కను బయటికి పంపి బావను పిలిచారు. గొడుగు, దుప్పటి, అన్నీ పొల్లు పోకుండా చెప్పాడు. పైగా అక్క గొంతుతో, చెయ్యి ఊపుతూ మరీ చెప్పాడు. అధికారిణి మెట్ల ఫోటో ముందుకు జరిపింది. బావ దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పాడు. గుర్తులేదని చెప్పు బావా, అక్క కూడా అదే చెప్పింది అని అరవాలనిపించి, రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

"ఏమీ అనట్లేదండీ" అన్నాడు చివరికి. "అంతకుముందు నేనే నోరు పారేసుకున్నాను. ఉద్యోగం మానెయ్యమన్నాను. అప్పట్నుంచి మాట్లాడ్డం మానేసింది. ఫోటో తీస్తే తిడుతుంది కదా అని రోజూ ఆ మెట్ల దగ్గరికి వెళ్ళేవాణ్ణి. తిట్టించుకోకపోతే నాకు ఇంటికెళ్ళాలనిపించదండీ."

తలుపు ఓరగా తెరిచి ఉందని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు. అక్క లోపలికి వచ్చేసింది.

"ఈ ముక్క నాకు చెప్పాల్సింది పోయి ఆవిడకు చెప్తారేంటండీ? ఇన్నేళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నారు? తప్పయిపోయిందే అని ఆ మెట్ల మీదే ఒక్క మాట అనుంటే నేను కాదన్నానా? మనిషిని ఏడిపించడం, మళ్ళీ దానికో ఫోటో" అని అందుకుంది. కళ్ళు తుడుచుకుంటూనే వాయించేస్తోంది. బావ మొహం వెలిగిపోతోంది.

అధికారిణి ఆపమనలేదు. ఆ తిట్ల మధ్యలోనే సంతకం పెట్టి, బావ కాగితాలను అక్క కాగితాలతో కలిపి పిన్ను కొట్టింది.