అమ్మ మోకాలు, బావ సాక్ష్యం

మా బావ పరుపుల దుకాణంలో సేల్స్‌మన్. వచ్చినవాళ్ళను మెత్తగా పలకరించి, చెప్పులు విప్పించి, పరుపు మీద పడుకోబెట్టి, వాళ్ళ నడుము గురించి వాళ్ళకే తెలియని సంగతులు చెప్పడం ఆయన ఉద్యోగం. ఆ గొంతును సాయంత్రం దుకాణంలోనే వదిలేసి వస్తే మాకు ఏ బాధా లేకపోయేది. దాన్ని ఇంటికి కూడా తెస్తాడు. ఉప్పు అందించమన్నా మంచంలో ఉన్న రోగిని ఓదారుస్తున్నట్టే అడుగుతాడు.

అక్కకు ఈ సంబంధం చూసింది మా పాస్టరుగారు. అబ్బాయి నెమ్మదస్తుడు, ప్రార్థనాపరుడు, దురలవాట్లు లేవు అన్నారు. అందులో అబద్ధం లేదు. తాగడు, పేక ముట్టడు. మాట్లాడతాడు. మాట్లాడటం దురలవాట్ల కింద రాదు కాబట్టి పాస్టరుగారు ఆ సంగతి ఎత్తలేదు.

పెళ్ళయిన ఏడాదికి వాళ్ళ అద్దె ఇంటి కప్పు కారుతోందని, బాగుచేసేదాకా ఉంటామని మా ఇంటికి వచ్చారు. కప్పు బాగుపడింది. బావ కదల్లేదు. దేవుడు తనను ఈ ఇంట్లో ఏదో ఉద్దేశంతోనే ఉంచాడన్నాడు. ఆ ఉద్దేశం ఏమిటో అమ్మకు అంతుపట్టలేదు గానీ, ముందు గదిలో గాలి బాగా తగిలే కుర్చీ అందులో భాగమని మాత్రం వారం తిరక్కుండానే తేలింది.

ఆదివారం ఆరాధనలో పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ వారంలో దేవుడు చేసిన మేలును ఎవరైనా లేచి నాలుగు మాటల్లో చెప్పుకోవచ్చు. జబ్బు తగ్గినవాళ్ళు, ఉద్యోగం దొరికినవాళ్ళు లేస్తారు. బావ ప్రతి వారం లేస్తాడు. ఏ మనిషికీ వారం వారం అద్భుతాలు జరగవు. అందుకని ఆయన సరుకంతా మా ఇంట్లోంచే తీసుకుంటాడు. కుక్కరు మూత ఎగిరి గోడకు కొట్టుకుంటే, ఆ సమయానికి తాను వంటగదిలో లేకపోవడం దేవుని కాపుదల అన్నాడు. ఆయన వంటగదిలో ఏనాడూ లేడు. ఉన్నది అక్క. నేను డ్రైవింగ్ పరీక్ష తప్పితే మరదలి గర్వం అణచినందుకు స్తోత్రం చెల్లించాడు. మళ్ళీ తప్పితే, ఓర్పు నేర్పినందుకు. చివరికి నెగ్గితే మాత్రం అది తన ఉపవాసం ఫలితమట.

అక్కకు మలబద్ధకం వస్తే అదీ చెప్పాడు. మర్యాదస్తుడు కదా, పేరు పెట్టకుండా "నా భార్యకున్న ఒక అంతరంగ సమస్య" అన్నాడు. జనం అంతకంటే చాలా పెద్దవి ఊహించుకున్నారు. ఆ వారమంతా ఎదురుపడ్డ ఆడవాళ్ళందరూ అక్క చేతులు పట్టుకుని, ధైర్యంగా ఉండమ్మా అన్నారు. కొందరు బావను చూసి తలలు పంకించారు, పాపం ఎంత ఓర్చుకుంటున్నాడో అని. చివరికి అక్కే ఇల్లిల్లూ తిరిగి అసలు జబ్బేమిటో చెప్పుకోవాల్సి వచ్చింది.

అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరికీ ఏమీ జరగడం లేదు. తలనొప్పి వస్తే గదిలో తలుపేసుకుని భరిస్తాం. బావ గుమ్మంలో చెప్పులు విడిచే చప్పుడు వినగానే నోళ్ళు మూతపడతాయి. ఎలా ఉన్నారంటే బాగున్నాం అంటాం. సరుకు దొరక్క ఆయన సాయంత్రపు కుటుంబ ప్రార్థనలో మా మీద విసుర్లు మొదలుపెట్టాడు. ముఖం మీద ఒక్క మాట అనడు, అంత సాత్వికుడు. అన్నీ దేవుడికే చెబుతాడు. "ప్రభువా, ఈ ఇంటి ఆడవాళ్ళకు కూరలో ఉప్పు తగ్గించే వివేకం దయచేయుము" అంటాడు కళ్ళు మూసుకుని. మేము ఆమెన్ అనాలి.

అమ్మ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. నిజంగా నొప్పి ఉన్నవాడి మూలుగుకూ, సెలవు చీటీ కోసం మూలిగేవాడి మూలుగుకూ తేడా గోడ అవతల నుంచే చెప్పేది. అల్లుడి జబ్బు కూడా వచ్చిన మొదటి రోజుల్లోనే పట్టేసింది. "వినేవాళ్ళున్నంత కాలం ముదురుతుందే తల్లీ" అని అక్కతో అంది. వినకపోతే తగ్గుతుందా అని అక్క అడిగిందట. తగ్గదు గానీ మనకు సోకదు అందట అమ్మ.

ఇలా ఉండగా పాస్టరుగారు శనివారం సాయంత్రాలు 'కుటుంబ జీవితం' మీద మాట్లాడమని బావకు అప్పగించారు. అలాగైనా ఆదివారం సాక్ష్యం కురచవుతుందని ఆయన ఆశపడ్డారని పాస్టరుగారి భార్య తరవాత అక్కతో అన్నది.

మొదటి శనివారం ఇంటిల్లిపాదినీ ముందు వరసలో కూర్చోబెట్టాడు. ఆ రోజు అంశం 'భార్యాభర్తల మధ్య మాట'. మాటంతా భర్తదే. ఉదాహరణలన్నీ మావే. ఆఖర్న, రాయిలాంటి ఒక అత్తగారు అల్లుడి మంచితనానికి ఎలా కరిగిపోయిందో చెబుతూ అమ్మ వైపు చూసి కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ రాయిలాగే కూర్చుంది. ఆ అత్తగారి కథలో ముఖ్యమైన భాగం వచ్చే శనివారం చెబుతానని ముగించాడు.

రెండో శనివారం మధ్యాహ్నానికి అమ్మకు మోకాలు పట్టేసింది.

అమ్మ ఏ పనీ అరకొరగా చెయ్యదు. మరిచిపోయి ఎడమకాలు కుంటకుండా కుడి మోకాలికి బ్యాండేజీ చుట్టుకుంది. అందరి ఎదుటా కుంటితే అనుమానం వస్తుందని, ఎవరూ చూడటం లేదనుకున్నట్టు నటిస్తూ కుంటింది. బావ నొక్కి చూడబోతే ఒక్క చోటే, అదీ కొంచెమే ఉలిక్కిపడింది. ఎక్కువ అరిచేవాళ్ళకు ఏమీ ఉండదని తనకు తెలుసు మరి. మీరు వెళ్ళండి బాబూ, నేను ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటాను అని మమ్మల్ని సాగనంపింది. మేము తిరిగొచ్చేసరికి గాలి తగిలే కుర్చీలో కాళ్ళు చాపుకుని, కొన్నేళ్ళు తగ్గినట్టు కనిపించింది.

మూడో శనివారం కూడా మోకాలు బాగుపడలేదు. ఈసారి బావ ఒంటరిగా వదిలి వెళ్ళనన్నాడు. ప్రార్థించే వెళదామన్నాడు. అప్పుడే పొయ్యి మీద పాలు పెట్టి, ఆయన అడుగుల చప్పుడు విని గబగబా వచ్చి పడుకున్న అమ్మకు లేచే దారి లేదు. బావ మంచం పక్కన మోకరించి, బ్యాండేజీ మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూశాడు. ఆ మోకాలి చరిత్రంతా దేవుడికి మొదట్నుంచీ వివరించాడు. తరవాత మోకాలు వదిలేసి అమ్మ కోపం, అక్క బద్ధకం, నా పెళ్ళి వరుసగా ఎత్తుకున్నాడు. పాలు పొంగిన చప్పుడు మాకు వినపడింది. ఆయనకు తన గొంతు తప్ప ఏమీ వినపడదు. ప్రార్థన మధ్యలో లేస్తే దాని గురించి ఇంకో ప్రార్థన ఉంటుందని నేనూ అక్కా కదల్లేదు. మాడు వాసన గదిలోకి వచ్చింది. అమ్మ అంతవరకే ఓర్చుకుంది. ఆయన చెయ్యి ఒక్క తోపు తోసి, మంచం దిగి వంటగదిలోకి పరుగెత్తింది.

బావ కళ్ళు తెరిచాడు. చెయ్యి గాల్లో ఉంది. మంచం ఖాళీగా ఉంది. బ్యాండేజీ గడప దగ్గర పడి ఉంది. లేచి వంటగది గుమ్మం దాకా వెళ్ళి, మసిగుడ్డతో గిన్నె దించుతున్న అమ్మను చూసి నిలబడిపోయాడు.

"అత్తయ్యా, మీరు నడిచారు."

"పాలు మాడుతున్నాయి బాబూ."

"నడవడం కూడా కాదు. పరుగెత్తారు."

అమ్మ ఏమని చెబుతుంది? నిజం చెబితే తన అబద్ధం బయటపడుతుంది. చెప్పకపోతే ఆయన అద్భుతం నిలబడుతుంది. గిన్నె అడుగు గీకుతూ ఉండిపోయింది. ఆ మౌనాన్ని బావ కృతజ్ఞత అనుకున్నాడు.

మరునాడు చర్చిలో ఆ మోకాలి నొప్పికి ఏళ్ళ వయసు వచ్చింది. డాక్టర్లు చేతులెత్తేశారు. మందులన్నీ పారేశాక, విశ్వాసం ఒక్కటే మిగిలాక, అల్లుడి చెయ్యి తగిలింది. జనం చప్పట్లు కొట్టారు. ఆరాధనయ్యాక ఆవరణలో అమ్మ చుట్టూ మూగారు. నడిచి చూపించమన్నారు. ఒకావిడ అమ్మ మోకాలిని తాకి తన తుంటికి రాసుకుంది. అమ్మ ఇవన్నీ పళ్ళు బిగించి భరించింది. అప్పుడు సూట్లు కుట్టే ముసలాయన వచ్చి, తాను కూడా ఇవాళ్టి నుంచి షుగరు మాత్రలు మానేస్తున్నానని సంతోషంగా చెప్పాడు. మీరు మందులు పారేసి నడుస్తుంటే నాకు మాత్రం మాత్రలెందుకని అన్నాడు.

అమ్మ ముఖం మారిపోయింది. ఆయన్ను పక్కకు లాక్కెళ్ళి, ఇంటికి వెళ్ళి ముందు మాత్ర మింగమని ఆసుపత్రి గొంతుతో చెప్పింది. ఆయన నవ్వి, పెద్దమనసుతో అమ్మను ఓదార్చి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే అమ్మ బావను కూర్చోబెట్టి, మందులు పారేసిన మాట అబద్ధమని వచ్చే వారం అందరికీ చెప్పమంది. బావ చిరునవ్వు నవ్వాడు. సాక్ష్యం ఒకసారి నోరు దాటాక మనది కాదని, అది సంఘానిదని అన్నాడు. అత్తయ్యగారికి వినయం ఎక్కువని అక్కతో మెచ్చుకున్నాడు కూడా. అమ్మ వారమంతా పొద్దున్నే దర్జీ ఇంటికి వెళ్ళి, ఆయన మాత్ర మింగేదాకా గుమ్మంలో నిలబడి వచ్చింది.

తరవాతి ఆదివారం బావ తనంతట తానే మైకులో అమ్మను పిలిచాడు. ఆ అద్భుతాన్ని ఆమె నోటనే వినాలన్నాడు. అమ్మ చకచకా నడిచి వెళ్ళింది. ఆ నడకకే జనం చప్పట్లు కొట్టారు. ఆమె మైకు అందుకుని, చప్పట్లు ఆగేదాకా చూసింది.

"నా మోకాలికి ఏ జబ్బూ రాలేదు. మా అల్లుడు మాట్లాడేది కూర్చుని వినలేక, నొప్పని అబద్ధం చెప్పాను. అది నా తప్పు. నేను ఏ మందూ పారెయ్యలేదు. మీలో మాత్రలు మానేసినవాళ్ళుంటే ఈ పూటే వేసుకోండి. పడిపోతే మిమ్మల్ని లేపడం ఎంత కష్టమో నాకు తెలుసు."

పాస్టరుగారి భార్య చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. వెనక వరసలో ఎవరో ఆపుకోలేక నవ్వారు. అక్క కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. బావ ముఖం చూశాను. నిజం చెబుతాను, ఆ ఒక్క క్షణం నాకు ఆదివారాల మీద మళ్ళీ నమ్మకం కలిగింది.

అది ఎంతోసేపు నిలవలేదు. బావ మెల్లగా మైకు అందుకున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు.

"విన్నారా? మోకాలు బాగవడం ఏపాటిది? మా అత్తయ్యగారు ఇవాళ అబద్ధం నుంచి విడుదల పొందారు. దీనికోసమే నేను ఇన్నాళ్ళూ ప్రార్థించాను."

చర్చి దద్దరిల్లింది. మోకాలికి కొట్టిన చప్పట్లు దీని ముందు ఏ మూలకూ చాలవు. అమ్మ వేదిక దిగి వచ్చి నా పక్కన కూర్చుని, "ఇలాంటి కేసు నా సర్వీసులో చూడలేదే" అంది నెమ్మదిగా.

ఇంటికి నడిచి వస్తుంటే బావ మాకంటే వెనకబడి నడిచాడు. సందు మలుపు తిరిగాక ఆగాడు.

"అత్తయ్యా, నిజంగానే నేను మాట్లాడితే వినలేరా?"

ఆ గొంతు పరుపుల గొంతు కాదు. ఉత్త మనిషి గొంతు. ఎవరైనా అయితే కరిగిపోయేవాళ్ళే. అమ్మ ఆసుపత్రి మనిషి.

"వినలేను బాబూ."

"మరి దుకాణంలో జనం వింటారే."

"పడుకుని వింటారు."

అక్క ఫక్కున నవ్వింది. బావ కూడా నవ్వాడు, తనను పొగిడినట్టు. ఏమీ అంటని మనిషితో ఎవరు మాత్రం ఏం చెయ్యగలరు?

ఒక్క మేలు మాత్రం జరిగింది. ఆ రోజు అమ్మ మాట విని, సంఘంలో ఇంకా ముగ్గురు నలుగురు మందులు మానేసిన సంగతి ఒప్పుకున్నారు. పాస్టరుగారి భార్య ఆదరాబాదరా వచ్చి, ఆరాధనయ్యాక వారానికోసారి పెద్దవాళ్ళను చూడమని అమ్మను అడిగింది. ఇప్పుడు చర్చి ఆవరణలో ఒక బల్ల, బల్ల మీద బీపీ మిషను, బల్ల వెనక అమ్మ. దర్జీ అందరికంటే ముందు నిలబడతాడు, మాత్రలు జేబులో వేసుకుని మరీ. వరస నడిపేది బావ. ఎవరూ అప్పగించకుండానే ఆ పని తీసుకున్నాడు. ఈ ఆలోచన తనకు ప్రార్థనలో తట్టిందని వరసలో ఉన్నవాళ్ళకు చెబుతూ ఉంటాడు. పాపం, వాళ్ళు వరస వదిలి పోలేరు.

పోయిన వారం జనం తగ్గాక, ఇంట్లోవాళ్ళం కూడా చూపించుకున్నాం. అమ్మ తన బీపీ తానే చూసుకుని పెదవి విరిచింది. అక్కకు ఎక్కువే ఉంది. నాకు, ఈ వయసుకు ఉండకూడనంత ఉంది. చివరికి బావ కుర్చీలో కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, నవ్వుతూ చాపాడు. అమ్మ ఒకసారి చూసింది. నమ్మకం కుదరక, పట్టీ విప్పి మళ్ళీ కట్టి చూసింది.

"ఏముంది అత్తయ్యా?" అన్నాడు.

"ఏమీ లేదు," అంది అమ్మ. "చిన్నపిల్లాడికి ఉన్నట్టుంది."