కోట రాయి మీద రెండు మందారాలు

పోయిన నెల పంగ్‌కోర్ దీవిలో డచ్చివాళ్ళ పాత కోట చూడటానికి వెళ్ళాను. అప్పుడే వాన వెలిసింది. తడిసిన ఇటుకల వాసన, ఉప్పు గాలి కలిసి ముక్కుకి తగలగానే గవరయ్య మేస్టారు గుర్తొచ్చి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఇప్పుడు కోటని బాగుచేసి చుట్టూ గడ్డి పెంచారు. ఆయన మమ్మల్ని తీసుకొచ్చిననాడు అవి తీగలు అల్లుకున్న మొండిగోడలు, అంతే.

మేస్టారు హుటాన్ మెలింటాంగ్ అనే ఊరి దగ్గర, మా తాతలు ఓడెక్కి కూలికొచ్చిన కొబ్బరి తోట బడిలో తెలుగు చెప్పేవారు. తెలిసింది తెలుసనీ, తెలియంది తెలియదనీ చెప్పి ఊరుకునే మనిషి. వాగుడుకాయనైన నాకు ఆ ఊరుకోవడం చూస్తే ఒళ్ళు మండేది. ఈ దేశపు స్వాతంత్ర్యానికి, మేం మెర్డెకా అంటాం, ముందటి ఏడాది, 1956లో, నన్ను ఇపో పట్నంలో హాస్టలున్న బడికి పంపమని ఆయన మా అమ్మ సింహాచలాన్ని అడిగారు. నాన్న పోయి చాలాకాలమైంది. నేను అప్పుడే పెద్దమనిషినయ్యాను. ఆపైన ఆడపిల్లని చదివించడం మా తోటలో లేదు. పైగా అడవిలోని కమ్యూనిస్టుల మీద తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు, దారి పొడుగునా కాల్పుల భయం. అమ్మ ససేమిరా అంది. దారి భయం నిజమేననీ, పిల్లకి చదువు అబ్బుతుందన్నదీ నిజమేననీ చెప్పి, కాఫీ తాగి మేస్టారు వెళ్ళిపోయారు. ఇంకాస్త బతిమాలకూడదా అని పళ్ళు నూరుకున్నాను.

ఆ ఏడే బడిపిల్లలందరినీ కోటకి బయలుదేరదీశారు. నన్ను ఒంటరిగా పంపనని అమ్మా వచ్చింది. తోట గేటు దగ్గర పోలీసులు మూటలన్నీ విప్పించారు. గుప్పెడన్నం బయటికి పోయినా అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకి చేరుతుందని వాళ్ళ అనుమానం. అమ్మ మూటలో దొరికింది పసుపు, కుంకుమ, రెండు మందారాలు. ఆకలి తీర్చే సరుకు కాదని చూపించడానికి మేస్టారు చిటికెడు పసుపు నోట్లో వేసుకుని మొహం వికారంగా పెట్టారు. పోలీసు నవ్వి వదిలేశాడు. లారీలో, ఆపైన పడవలో, ఖాళీ కడుపులతో దీవి చేరాం.

కోట లోపల విడిగా నిలబడ్డ ఒక రాయి కనపడగానే అమ్మ ఆగింది. నాచు తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టింది. సముద్రం ఒడ్డున, పాడుబడ్డ చోట, ఒంటరిగా నిలబడ్డ రాయి మావాళ్ళకి అమ్మవారు కాక ఇంకేమవుతుంది? పిల్లలు కిసుక్కున నవ్వారు. అది డచ్చోళ్ళ గోడ రాయి, అన్నాడొకడు. మేస్టారు చెప్పులు విడిచి అమ్మ వెనక నిలబడ్డారు. నవ్వులు ఆగిపోయాయి.

అమ్మ రాయి నెత్తిన కుడివైపొక పువ్వు, ఎడమవైపొక పువ్వు పెట్టింది. అమ్మవారిని ఏదైనా అడగాలంటే మా ఇళ్ళలో అదే పద్ధతి. కుడిది పడితే నేను ఇపో వెళ్ళాలి, ఎడమది పడితే మానుకోవాలి. పువ్వుల్నే చూస్తున్నాను. సముద్రం మీంచి ఒక్క విసురు గాలి వచ్చి రెండింటినీ ఒకేసారి కింద పడేసింది.

అమ్మ మొహం పాలిపోయింది. "రెండూ పడిపోనాయి మేస్టారూ. సదువుకున్నోరు, మీరే సెప్పండి. అమ్మోరు ఏటన్నాది?"

కుడిదే ముందు పడిందని ఆయన ఒక్క మాటంటే చాలు, అమ్మ నమ్మేది. అనమని మనసులో వెయ్యి దండాలు పెట్టుకున్నాను.

"గాలికి పడిపోనాయమ్మా," అన్నారు మేస్టారు. "అమ్మోరు ఏటీ అన్నేదు. నువ్వే సెప్పాల."

ఆయన్ని సముద్రంలోకి తోసేయాలనిపించింది. అమ్మ పూలు ఏరి ఒళ్ళో వేసుకుని ఆ రాయి పక్కనే కూలబడింది. పూలకి అంటిన ఇసుక దులిపి, తల ఎత్తకుండానే అంది.

"నీ మాటేటని నన్నింతవరకు ఎవులూ అడగనేదు మేస్టారూ. నానే సెప్పాలంటే, పిల్లని పంపుతాను."

పంపింది. మెర్డెకా వచ్చిననాడు నేను ఇపోలోనే ఉన్నాను. నా కూతుర్ని నానే సదివించినాను అని అమ్మ పోయేదాకా అందరికీ చెప్పుకునేది, మేస్టారి ఎదురుగా కూడా. ఆయన అవునమ్మా అని తల ఊపేవారు. ఆరోజు ఆయన అబద్ధమాడి ఉన్నా నాకు చదువు దక్కేది. కానీ అమ్మకి నానే అన్న ఆ మాట దక్కేది కాదు. అందుకు ఆయనకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. అది తెలుసుకోవడానికి నేనూ టీచరు కావలసి వచ్చింది. ఎందరో తల్లులు పిల్లల సంగతి మీరే చెప్పండి టీచర్ అని నా ముందు కూర్చున్నారు, ఇప్పటికీ వస్తారు. తెలిసింది చెప్పి నోరు మూసుకుంటాను. ఈ నోటికి అదెంత కష్టమో నాకే తెలుసు. కొందరు పిల్లకి చదువు వద్దని లేచి వెళ్ళిపోయారు. అలాంటి రోజున ఇంటికొచ్చి ఏడ్చాను. మర్నాడు ఇంకో తల్లి వస్తే, మళ్ళీ తెలిసింది చెప్పి, ఆమె ఏమంటుందోనని ఎదురుచూస్తూ కూర్చున్నాను.