రెండు ఎర్ర బంతులు, ఒక కుడిచెయ్యి

ఫోన్లలో నెట్టు కొత్తగా ధారాళమైన ఆ రోజుల్లో, ఇంటికొకరు ఏదో ఒక విద్యను వీడియోలు చూసి నేర్చేసుకునేవారు. మా పిన్ని కుక్కర్లో కేకు చేసింది (కుక్కరు బతికింది, కేకు బతకలేదు). మా మావ యోగా మొదలుపెట్టి, మెడ పట్టేసి, వారం రోజులు అందరినీ పక్కచూపులే చూశాడు. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్న నేను మ్యాజిక్కు ఎంచుకున్నాను. దాని వెనక ఒక అవమానం ఉంది. విజయనగరం బజారులో మాది గాజుల కొట్టు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ కొట్లో గాజులు నా చేతుల్లోంచి జారి భళ్ళుమంటూనే ఉండేవి. అందుకని మావ నాకు భళ్ళమ్మ అని పేరు పెట్టాడు. ఇంటిల్లిపాదీ దాన్ని ఎంత ముచ్చటగా వాడుకున్నారంటే, కొట్టుకొచ్చే ఆడవాళ్ళలో సగం మందికి నా అసలు పేరే తెలియదు.

కొట్లో గాజులు తొడిగేది మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ. ఎంత బిర్రు చేతికైనా ఇబ్బంది లేకుండా ఎక్కించేది. పెళ్ళిళ్ళ రోజుల్లో గాజుల పెట్టెతో పెళ్ళికూతురి ఇంటికే వెళ్ళి తొడిగి వచ్చేది. ఆవిడతో వెళ్ళి, ఒక్క పెళ్ళికూతురికైనా నా చేత్తో తొడగాలని నాకు మహా కోరిక. అడిగినప్పుడల్లా ఒకటే జవాబు. “నీ సేతులు నీ మాటే ఇనవు. పెళ్ళికూతురి సేతికాడ గాజు సిట్లితే ఆళ్ళు ఊరుకుంతారేటే?” సరే, నా చేతులు నా మాట వింటాయని లోకానికి చూపించాలి. దానికి మ్యాజిక్కే దారి అనుకున్నాను (తిన్నగా గాజులు తొడగడమే నేర్చుకోవచ్చు కదా అని ఇప్పుడు తోస్తోంది, అప్పుడు తోచలేదు).

వీడియోలో గురువుగారు ఎవరో దొరగారు. ఆయన ఇంగ్లీషు నాకు సగమే అందేది, అందుకని ఫోను గోడకి ఆనించి, ఎదురుగా కూర్చుని, చేతులు ఎలా కదిపితే అలా కదిపేదాన్ని. పేకముక్కలు మావ ఇచ్చాడు. పేక పట్టిన ఇల్లు బాగుపడదని మామ్మ నమ్మకం కాబట్టి వాటిని గాజుల డబ్బాలో దాచాను. ముక్కలు జారిపడినా చప్పుడు చెయ్యవు, అది నాకు చాలా నచ్చింది. తరవాత బంతులు. ఒళ్ళు తోముకునే ఎర్ర స్పాంజిని కత్తిరించి గుండ్రంగా చేశాను. ఎదుటివాళ్ళ అరచేతిలో ఒక బంతి పెట్టి గుప్పిట మూయించి, తెరిపిస్తే రెండు ఉండాలి. రెండోది మన రెండో గుప్పిట్లో ముందే నక్కి ఉంటుంది, వాళ్ళ వేళ్ళు మూసే వంకతో దాన్నీ లోపలికి తోసెయ్యాలి. నాలుగు నెలలు సాధన చేశాను. మావ మీద ప్రయోగిస్తే నోరు తెరిచాడు.

అక్క శ్రీమంతం వచ్చింది. ఆమదాలవలస నుంచి అత్తవారు రైలు దిగి బుట్టెడు చలివిడితో వచ్చారు. గాజులు తొడగడం, అక్షింతలు అయ్యాక, మా చిన్నది మ్యాజిక్కు చేస్తుందని నాన్న గర్వంగా ప్రకటించారు. నేను నేరుగా అక్క అత్తగారి దగ్గరికి వెళ్ళి, బంతి చూపించి, చెయ్యి చాపమన్నాను. ఆవిడ చాపబోయి, బంతి వంక చూసి, చెయ్యి వెనక్కి తీసుకుని కొంగులో పెట్టేసుకున్నారు. నాకేమీ అర్థం కాలేదు. వెనకనుంచి మామ్మ గొంతు మెల్లగా వినిపించింది. “శుభమా అని పిలిసి, ఎడం సేత్తో ఇత్తావేటే? కుడిసెయ్యి సాపు.”

గాజుల కొట్లో పుట్టినదాన్ని. ఎడం చేత్తో ఇవ్వకూడదని మాకు మాటలు రాకముందే నేర్పుతారు. ఆ మాట వినబడగానే నా కుడిచెయ్యి నన్ను అడక్కుండానే ముందుకొచ్చి విచ్చుకుంది. అందులో నక్కిన రెండో బంతి అత్తగారి ఒళ్ళో పడి, అక్కణ్ణుంచి చలివిడి బుట్టలోకి దూకింది. మావ తృప్తిగా భళ్ళమ్మా అన్నాడు. అంతే, అక్క పొట్ట పట్టుకుని నవ్వింది, అత్తగారు నవ్వారు, నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

మర్నాడు కొట్టు తెరవగానే మామ్మ ఆ బంతులు తెమ్మంది. మళ్ళీ చేయించుకుని చూసింది. “ఎదురుగా కూకుని నేర్సుకున్నావు, అదే తప్పు. నేను ఎదురుగా కూకుని తొడుగుతాను కదా, నా కుడి ఆళ్ళకి ఎడం కాదేటి?” దొరగారి కుడిని నేను నాలుగు నెలలు ఎడమ చేసుకున్నానని అప్పుడు తెలిసింది. వీడియోలో అంత సేపు చెప్పిన ఇంగ్లీషులో ఆ ముక్క కూడా ఉండే ఉంటుంది. తరవాత మామ్మ ఇంకో మాట చెప్పింది. “సేతులు బానే ఉన్నాయి. నువ్వే ఆటిని సూస్తన్నావు. నువ్వు సూస్తే ఆళ్ళూ సూస్తారు. పిల్లలు బాగున్నారా అని అడుగు, ఆళ్ళు నీ మొగం సూసి సెప్తారు. ఈలోగా పని అయిపోతాది.” ఇన్నేళ్ళుగా ఆవిడ గాజులు తొడుగుతూ ఊరందరి క్షేమం ఎందుకు అడుగుతుందో నాకు అప్పటిదాకా తట్టలేదు.

చేతులు మార్చుకోవడానికి పదిహేను రోజులు పట్టింది. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసే ఒకావిడ కొట్టుకొస్తే, మామ్మ కళ్ళతోనే సైగ చేసింది. మీ అబ్బాయికి జ్వరం తగ్గిందా అని అడుగుతూ కుడిచేత్తో బంతి పెట్టాను. ఆవిడ గుప్పిట తెరిచి రెండు బంతులు చూసి, కొట్టంతా వినబడేలా నవ్వింది. మామ్మ గాజుల కట్ట నా ముందుకు జరిపి, ముందు తన ఖాళీ చెయ్యే చాపింది. నేను గాజులు ఎక్కిస్తూ, మామ్మా మందేసుకున్నావా అని అడిగాను. ఆవిడ తలెత్తి నా మొహం చూస్తూ, ఏ మాత్ర ఎప్పుడు వేసుకుందో తాపీగా చెప్పింది. ఆ మాఘంలో నన్ను పెళ్ళికూతురి ఇంటికి తీసుకెళ్ళింది.

నా మ్యాజిక్కు మామ్మ మీద కూడా పారిందని చాలా ఏళ్ళు గొప్పగా చెప్పుకు తిరిగాను. ఇప్పుడు కొట్లో మామ్మ చాప మీద కూర్చుని గాజులు తొడిగేది నేనే. మొన్న సెలవులకొచ్చిన అక్క కూతురు (ఆ శ్రీమంతం నాడు పొట్టలోంచే నా పరువు పోవడం చూసిన పిల్ల) నాకు గాజులు తొడుగుతానని పట్టుబట్టింది. నా చెయ్యి పట్టుకుని, “పిన్నీ, అన్నం తిన్నావా?” అంది. కింద ఒకటి చిట్లింది. ఇంకోటీ చిట్లింది. చేతి వంక చూడకుండా ఉండడం ఆ రోజు మామ్మకి ఎంత కష్టమైందో అప్పుడు తెలిసింది. దాని మొహమే చూస్తూ, ఏ కూరతో తిన్నానో తాపీగా చెప్పాను.