టూల్ బాక్సు మూతకింది రంగు

నా చిన్నప్పుడు ఇంట్లో ఎవరిని చూసినా రాని మంట, మా అక్కను చూస్తే వచ్చేది. సొంత అక్క కాదు, పెద్దనాయన కూతురు. ఆమె నాకంటే బాగా చదివేదనో, నాకంటే తెల్లగా ఉండేదనో కాదు. ఆమె మా జేజినాయన ఒళ్ళో కూర్చుని ట్రాక్టరు ఎక్కింది. నేను ఎక్కలేదు. నేను పుట్టేసరికే ఆయన లేడు. నాయనమ్మను జేజి అనీ, తాతను జేజినాయన అనీ పిలవడం మా జమ్మలమడుగు వైపు అలవాటు.

చుట్టాలు ఎవరు వచ్చినా అక్కను ముందు కూర్చోబెట్టుకుని ఆ ముచ్చటే చెప్పించుకునేవాళ్ళు. ఆయన స్టీరింగు మీద ఆమె చేతులు పెట్టి, వాటిమీద తన చేతులు పెట్టి తిప్పేవాడట. ఆయన మీసం ఆమె చెవికి గుచ్చుకునేదట. ఆ మాట వచ్చేసరికి పెద్దవాళ్ళ కళ్ళు తడిసేవి. నేను అక్కడ నుంచి లేచి ఎనుములు కట్టేసే కొట్టంలోకి పోయేదాన్ని. చచ్చిపోయిన మనిషి ప్రేమను ఎవరినడిగి తెచ్చుకోవాలో నాకు తెలిసేది కాదు.

ఆ ట్రాక్టరును మా ఊర్లో అందరికంటే ముందు కొన్నది జేజినాయనే. ఆయన పోయాక భూములు పంచుకున్నారు, వంటలు వేరయ్యాయి. బండి ఒక్కటే జేజి పేరు మీద మిగిలింది. ఇద్దరు కొడుకులదీ ఒకే వాకిలి గానీ, పార్టీలు వేరు. ఆ రోజుల్లో మా వైపు పార్టీ అంటే ఓటు వేసి మరచిపోయేది కాదు. ఎవరి జీపులో ఎవరు కూర్చున్నారో, ఎవరి పెండ్లికి ఎవరు పోలేదో అన్నీ లెక్కలోకి వచ్చేవి. మా పెద్దనాయన పార్టీ గెలిచినప్పుడు బండికి ఆయన జెండా రంగు పూయించాడు. ఆ తర్వాత మా నాయన పార్టీ గెలిస్తే దానిమీద ఈయన జెండా రంగు ఎక్కింది. ఏవేం రంగులో చెప్పను. ఇన్నేళ్ళయినా మా వైపు ఎవరో ఒకరు ఆ మాట పట్టుకుంటారు.

పెద్దనాయన రంగుతో ఉన్నప్పుడు బండి మా నాయన పార్టీ ఊర్లుండే జమ్మలమడుగు వైపు పోవాలంటే భయం. మా నాయన రంగు వచ్చాక ప్రొద్దుటూరు వైపు భయం మొదలైంది. ఒకనాడు చెనిక్కాయల మూటలతో పోతూ ఉంటే దారిలోని ఊర్లో రాళ్ళు పడ్డాయి. ముందు లైట్లు పగిలాయి, డ్రైవరు నుదురు చీలింది. అతను తలకు కట్టు కట్టుకుని మా వాకిట్లోకి వచ్చి తాళంచెవి జేజి చేతిలో పెట్టాడు.

"నాకు పిల్లోళ్ళుండారు పెద్దమ్మా. ఆ రంగు మీద నేను కూర్చోల్యాను" అన్నాడు.

జేజి ఆ రోజు అన్నం ముట్టలేదు. సాయంత్రం ఇద్దరు కొడుకులనూ పిలిచి బండి ముందర నిలబెట్టింది.

"ఇది మీ జెండాల కోసరం కొనింది కాదు. మీ నాయన సేద్యానికి తెచ్చినాడు. వచ్చినప్పుడు ఏ రంగుతో వచ్చిందో ఆ రంగే ఎయ్యండి. ల్యాకుంటే పాత ఇనుము కింద అమ్మేస్తా."

అమ్మేస్తానన్న మాటకు ఇద్దరూ దిగివచ్చారు. కానీ అసలు రంగు ఏదన్న దగ్గర మళ్ళీ మొదలైంది. చక్రాలు ఎరుపు అని ఇద్దరూ ఒప్పుకున్నారు. బానెట్ నీలం అన్నాడు పెద్దనాయన. బూడిద రంగు అన్నాడు మా నాయన.

"నాయన పక్కన కూర్చొని తోలింది నేను. నాకు తెల్దా?" అని పెద్దనాయన.

"రోజూ కడిగి తుడిచింది నేను గదన్నా. నువ్వు ఎక్కేవాడివే, తుడిచేవాడివి కాదు" అని మా నాయన.

మాటలు రంగు దాటి ఎటో పోయాయి. నాయనకు ఎవరంటే ఎక్కువ ఇష్టం, చివరి రోజుల్లో ఆయన ఎవరి పేరు పిలిచాడు, అన్నీ బయటికి వచ్చాయి. అంత పెద్ద మగవాళ్ళు, బయటికి పోతే వెనకాల పదిమంది నడిచేవాళ్ళు, నాలాగే మండిపోతున్నారని నాకు ఆ పొద్దే తెలిసింది. చివరికి సాక్ష్యానికి అక్కను పిలిచారు. నీలమే, తళతళా మెరుస్తా ఉండె, అంది అక్క. మా నాయన ముఖం వాడిపోయింది. నాకైతే అక్క జుట్టు పట్టుకోవాలనిపించింది.

పెయింటరు ఒకాయన వచ్చి బానెట్ గీకి చూశాడు. జెండా రంగులు రెండూ పొరలు పొరలుగా లేచాయి. వాటి కింద ఎండకు మాడిన ఏదో మరక మిగిలింది, దాన్ని బట్టి ఏమీ చెప్పలేమన్నాడు. అప్పుడు జేజి బండి చుట్టూ మెల్లగా తిరిగింది. సీటు కింద ఉన్న టూల్ బాక్సు దగ్గర ఆగి, "దీని లోపల ఎవురన్నా రంగు పూసినారా?" అంది. ఎవరు పూస్తారు? పైకి కనిపించే చోటే కదా జెండా కావాల్సింది. మూత ఊడదీయించి, లోపలి వైపు పేరుకున్న నూనె జిడ్డును కిరసనాయిలు గుడ్డతో తానే తుడిచింది. అరచేయంత మేర రంగు బయటపడింది. కొత్తప్పటిది, ఎండ చూడనిది.

"సూసినావా, నీలం!" అన్నాడు పెద్దనాయన.

"బూడిదే గదన్నా అది!" అన్నాడు మా నాయన.

ఇద్దరూ ఒకే మూతను చూస్తున్నారు. జేజి వాళ్ళనూ, అక్కనూ, ఆ తర్వాత దూరంగా గుంజకు ఆనుకుని ఉన్న నన్నూ చూసింది.

"చూసినోళ్ళను అడిగితే వాళ్ళకు మీ నాయనే కనపడతాడు గానీ రంగు కనపడదు. ఆ బండి కొత్తగా ఉన్నెప్పుడు సూడనిది ఈ ఇంట్లో ఈ పాప ఒక్కటే. ఇదే చెప్పాల" అంది.

ఏది లేదని నేను ఏడ్చేదాన్నో, అది లేకపోవడాన్నే ఆమె నా అర్హతగా నిలబెట్టింది. ఆ క్షణాన నాకు అర్థం కాలేదు.

మూతను పాత చీర ముక్కలో చుట్టుకుని అందరం ప్రొద్దుటూరు బస్సెక్కాము. రంగుల అంగట్లో ముందు షేడ్ కార్డు చూపించారు. అందులో ఏదీ కుదరలేదు. అంగడాయన బూడిద రంగు డబ్బాలో నీలం పోసి, చుక్క నలుపు వేసి, పుల్లతో కలిపి ఒక రేకు ముక్క మీద పూసిచ్చాడు. అంగట్లో వెలుతురు చాలదని జేజి నన్ను బయట ఎండలో నిలబెట్టింది. ఒక చేతిలో మూత, ఒక చేతిలో రేకు. వెనక నుంచి పెద్దనాయన, "నీలం తక్కువుంది గదమ్మా, సరింగా సూడు. నీకు పట్టుపావడా తీసిస్తా" అన్నాడు. మా నాయన వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. అది పట్టుపావడా కంటే పెద్ద లంచం.

"ఇది కాదు జేజీ. ఇంకా మెరుస్తాండె" అంది అక్క. తన దగ్గరున్నది ఎవరో లాక్కుంటున్నట్టు నా చేతిలోని మూత వైపు చూసింది. అక్క నన్ను చూసి కుళ్ళుకోవడం నేను మొదటిసారి చూశాను. దాని రుచి శానా బాగుంది. ఇదే సరిపోయిందని ఒక్క మాట అంటే చాలు. మా నాయన గెలుస్తాడు. అక్క చెప్పిందంతా పొరపాటని అందరి ముందరా తేలిపోతుంది. ఇక చుట్టాలు వచ్చినప్పుడు ఆమెను ఎవరు అడుగుతారు?

మళ్ళీ మూత చూశాను. మూతలో నీలం ఉంది. అక్క చెప్పినంత లేదు, మా నాయన చెప్పినదానికంటే ఎక్కువ ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో అది ఎంతకీ మారలేదు.

"ఇంకొంచెం నీలం పడాల" అన్నాను. నాకే నచ్చలేదు. అక్క వైపు మాట్లాడినట్టయింది కదా.

అంగడాయన మళ్ళీ కలిపాడు. ఈసారి ఎక్కువైంది. మళ్ళీ తగ్గించాడు. పెద్దనాయన విసుక్కున్నాడు, మా నాయన బీడీ ముట్టించుకోను పోయాడు. చివరికి రేకును మూతకు ఆనించి పెడితే రెండింటి మధ్య గీత కనపడలేదు. ఇదే, అన్నాను. జేజి చూసి తల ఊపింది. ఇంకెవరినీ అడగలేదు.

తిరుగు బస్సులో నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. కొంచెం దూరం పోయాక, ఎవరికీ వినపడకుండా అడిగింది. "నీకు మీ అక్కను చూస్తే కుళ్ళు గదా?"

నేను తల వంచుకున్నాను.

"నాకూ ఉండె" అంది.

"ఎవర్ని చూసి జేజీ?"

"దాన్ని చూసే." కిటికీలోంచి చేను వైపు చూస్తూ చెప్పింది. "మీ జేజినాయన నన్ను ఒక దినమూ బండెక్కు అనలా. ఆడోళ్ళు ఎక్కితే ఊరు నగుతాది అనె. నేను సంగటి ఎత్తుకొని చేనికి నడిచి పోతాంటే, అది ఆయప్ప ఒళ్ళో కూర్చొని నా పక్కనుంచే పోయేది. దుమ్మంతా నా నెత్తిన పడేది. మనవరాలని ముద్దు చెయ్యాల్సిందాన్ని, నా కడుపు మండేది. యాడ చెప్పుకుంటా?"

నేను ఆమె ముఖం చూశాను. ఊర్లో అందరూ చేతులెత్తి మొక్కే మనిషి. ఆమెకూ అదే జబ్బు.

"కుళ్ళు పుడితే పుట్టనీ పాపా. అది మన చేతుల్లో లేదు. కండ్లకు మాత్రం అడ్డం రానీకు. ఈ పొద్దు నువ్వు రానీలా. నేను సూస్తానే ఉండా."

వారం తిరక్కుండా బండికి రంగు వేశారు. ఎండలో నీలంగానూ, నీడలో బూడిదగానూ కనిపించే రంగు. అక్క వచ్చి మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టింది. నచ్చలేదని అంటుందేమోనని నేను ఎదురుచూస్తున్నాను. ఆమె కళ్ళు మూసుకుని, "పొద్దున్నే ఎక్కితే కాళ్ళకు ఇట్లనే సల్లగా తగిలేది" అంది. నాకు మళ్ళీ మండింది. ఆ చల్లదనం ఏ అంగట్లో కలిపి తెచ్చినా నాకు రాదు.

డ్రైవరు ఒక షరతు పెట్టాడు. మొదటిసారి ప్రొద్దుటూరు పోయేటప్పుడు అన్నదమ్ములిద్దరూ ట్రాలీలో కూర్చోవాలన్నాడు. తెల్లచొక్కాలు వేసుకుని చెనిక్కాయ మూటల మీద చెరొక మూల కూర్చున్నారు. బండి కదలబోతూ ఉంటే జేజి చీర కుచ్చెళ్ళు దోపుకుని, "నేనూ వస్తా" అంటూ మడ్‌గార్డు మీదికి ఎక్కింది. ఎవరికీ వద్దనే ధైర్యం లేదు. నన్ను తన ముందర కూర్చోబెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. రెండో వైపు అక్క కూర్చుంది.

రాళ్ళు పడిన ఊర్లో టీ అంగడి ముందర మనుషులు లేచి నిలబడ్డారు. ఒకాయన దారికి అడ్డం వచ్చి చెయ్యెత్తాడు. జేజి చేతులు నా పొట్ట చుట్టూ బిగుసుకున్నాయి.

"ఏం మామా, ఈ బండి ఏ పార్టీది?" అని డ్రైవరును అడిగాడు. డ్రైవరు జేజి వైపు చూశాడు.

"మా ఇంటాయన పార్టీది నాయనా" అంది జేజి. "ఆయప్ప పొయ్యి శానా ఏండ్లాయ. ఓట్లకు నిలబడడులే."

అతను బండిని చూశాడు. ట్రాలీలో ఒకే మూటల మీద కూర్చున్న రెండు పార్టీల వాళ్ళనూ చూశాడు. నవ్వాలో వద్దో తెలియని ముఖంతో పక్కకు జరిగాడు.

మా నాయనా పెద్దనాయనా పార్టీలు మారలేదు. ఎన్నికలు వస్తే మళ్ళీ ఎవరి జీపు వాళ్ళదే, ఎవరి భయం వాళ్ళదే. కానీ ఆ బండి మీదికి మాత్రం ఇంకెవరూ బ్రష్షు తీసుకుపోలేదు. అక్కకూ నాకూ మధ్య కూడా ఒక్కసారిగా ప్రేమ పుట్టలేదు. ముసలివాళ్ళమయ్యాక కూడా ఆమె ఆ ముచ్చట చెబుతూ ఉంటే నాలో ఏదో కదులుతుంది.

నేను బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నాకంటే వెనక వచ్చిన వాళ్ళు హెడ్మాస్టర్లయ్యారు. మా తోడికోడలు నాకు లేని ఇల్లు కట్టుకుంది. ప్రతిసారీ ఆ మంట వచ్చింది, ఇప్పటికీ వస్తుంది. దాన్ని తరిమేయాలని చూడడం ఎప్పుడో మానేశాను. మొన్న ఆ ఇంటికి పోయి అన్ని గదులూ తిరిగి చూశాను. బాగుంది. చాలా బాగుంది అనే చెప్పాను. చెప్పేటప్పుడు లోపల మండింది గానీ, చెప్పే వచ్చాను.