మాఫీ

సీతాఫలాల వాసన వస్తే నాకు ఇప్పటికీ నల్లగొండ జైలు గుర్తొస్తుంది. నిజాం సర్కారుకు ఎదురు తిరిగాడని బాపును అందులో పెట్టారు. అమ్మా నేనూ ఊరి నుంచి మోసుకెళ్ళిన పండ్లను, లోపల ఏదో దాచామని జవాను ఒక్కొక్కటిగా నలిపేశాడు.

"మాఫీ అడిగితే ఇడుస్తరట. అడుగు బాపూ!" కడ్డీలు పట్టుకొని ఏడ్చాను. బడిలో పంతులు బెత్తమెత్తితే మేం రోజూ అనే మాటే కదా, ఇంత పెద్దాయనకు ఎందుకు రాదో నాకు అర్థం కాలేదు.

"నేనేం తప్పు చేసిన బిడ్డా?" అన్నాడు బాపు.

తిరుగుదారిలో ఉక్రోషంతో అమ్మ కొంగు గుంజాను. "నువ్వన్న చెప్పరాదే అమ్మా!"

"నేను చెప్తే అడుగుతడు బిడ్డా. గందుకే చెప్తలేను."

'అడుగు' అన్న ఆ ఒక్క మాటను నోట్లోనే ఆపుకొని అమ్మ ఆ రోజులు ఎలా గడిపిందో పెద్దయ్యాక గానీ నాకు తెలియలేదు.