చెల్లె తలల గీతలు చూసొచ్చిన ప్రయాణం

అరవైల మొదట్ల నారాయణపేట నుంచి హైదరాబాదుకు పోవాల్నంటె కోడి కూయకముందే లేవాలె. పాలమూరు బస్సు పొద్దున ఐదున్నరకు. మా చెల్లె నర్సమ్మను తోలుకొని బస్టాండుకు చేరెవరకు ఐదు గూడ కాలె. తలకు నూనె పెట్టొద్దని దవాఖానోళ్లు ముందే కార్డు రాసిన్రు. ఎండిన జుట్టుతోని ఊరు దాటుడు నామోషీ అని ఆమె నెత్తిమీది కొంగు తియ్యనే లేదు.

పోయె పని గిది. నర్సమ్మ మంచి నేతగత్తె. గని మగ్గం మీద నేస్తనేస్త, పోగు నడిపె నాడె ఆపి, గోడ దిక్కు చూస్తుండేది. పిలిస్తె పలుకకపోయేది. గది మూర్ఛనే అన్నది ఆమె అత్త. మగ్గం ఎక్కనియ్యక రెండు నెలలాయె. "రోగమే ఉంటె పుట్టింట్లనే ఉండనియ్యి" అని నాకు కబురంపింది. నాకూ అనుమానమే. చిన్నప్పుడు ఆమెకు ఎక్కాలు చెప్పింది నేనే. మూడో ఎక్కం నడుమ గిట్లనే ఆగిపోయేది. నేను పంతులు కొలువుల చేరకముందే ఆమె మీద బెత్తం పట్టిన.

బస్సుల ఎడమ దిక్కు కూసుంటె పొద్దటి ఎండ మొహం మీద పడది. దేవరకద్ర దాక జొన్నచేన్లు, నడుమ నల్లటి గుండ్లు. ఎనిమిదిన్నరకు పాలమూరుల దిగి, స్టేషన్ కాడ ఉప్మా తిని చాయ తాగినం. తొమ్మిదిన్నరకు మీటర్ గేజి ప్యాసింజర్. మా ఎదురుంగ ఒక ముసలాయన కూసున్నడు. చెరువు కట్ట పనికి మట్టి మోయ పోతున్నడట.

"ఏడికి బిడ్డా?" అని అడిగిండు.

"పట్నం తాతా. తలకాయల కరెంటు చూస్తరట," అన్నది నర్సమ్మ.

ఆయన మూట ఇప్పి, ఉడకబెట్టిన పల్లికాయ దోసెడు ఆమె ఒళ్లె పోసిండు. "తిను. ఖాళీ కడుపుకు కరెంటు ఏడికెల్లి వస్తది?" బయలుదేరినంక ఆమె నవ్వింది అప్పుడే.

ఒంటిగంట దాటినంక కాచిగూడల దిగినం. స్టేషన్ దగ్గర ధర్మశాలల జాగా దొరికింది. మరునాడు పదింటికి దవాఖానకు పోయినం. డాక్టరు నడీడు మనిషి, నెమ్మదిగ మాట్లాడెటాయన. నర్సమ్మను పండుకోబెట్టి, జిగట మందుతోని తలకు వైర్లు అంటించిండు. పక్కన మిషన్ల కాగితం జరుగుతాంటె వరుసగ కలాలు గీతలు గీస్తున్నయి. ఆమె కండ్లు మూసుకోంగనె గీతలు చెరువు అలల లెక్క సమంగ లేసినయి.

"నిమ్మలంగ ఉన్నోళ్లకు గిట్లనే వస్తది," అని నాకు చెప్పి, "అమ్మా, మగ్గం మీద ఏం చేస్తవో జర మనసుల అనుకో," అన్నడు ఆమెతోని.

చిటికెల అలలు అణిగిపోయినయి. కొద్దిసేపటికి తిరిగొచ్చినయి, మల్ల పోయినయి.

"ఏం అనుకున్నవమ్మా?"

"అనుకోలె సారూ, చూసిన. ఎర్ర పోగు అంచుల ఏడ తిరగాల్నో చూసిన. అది అగుపడ్డంకనే నాడె ఏస్త."

డాక్టరు నా దిక్కు తిరిగి, "పంతులూ, మీరు గూడ పండుకోండ్రి," అన్నడు. పదిహేడో ఎక్కం మనసుల చదువుమన్నడు. చదివిన. నా అలలు పెద్దగ అణగలేదు.

"మీరు మాటలతోని ఆలోచన చేస్తరు, ఆమె బొమ్మలతోని చేస్తది. కొందరు డాక్టర్లు గిట్ల అంటరు, ఇంకా తేలలె. మూర్ఛ గుర్తులైతె నాకు అగుపడలె."

"మగ్గం ఎక్కొచ్చునా సారూ?" అని అడిగింది నర్సమ్మ.

"ఎక్కు," అని కాగితం రాసిచ్చిండు. ఆ కాగితం చదివి వినిపించినంకనే అత్త మెత్తబడ్డది. వారంల నర్సమ్మ మల్ల నేతకు కూసున్నది.

గని నాకు యాదికుండేది తిరుగు ప్రయాణమే. మధ్యాహ్నం రెండింటి రైలు, మనుషులు తక్కువ. షాద్‌నగర్ దాటినంక నేనే అన్న, "ఎక్కాలకు నిన్ను ఊకెనే కొట్టిన చెల్లె."

"మూడార్లు అంటె నాకు పోగులు అగుపడేవి అన్నా. అవి లెక్కబెట్టెలోపల నువ్వు కొడుతుంటివి," అన్నది. కోపంతోని అనలె.

నేను కండ్లు మూసుకున్న. మా అమ్మ పోయిన్నాడు నాకు తొమ్మిదేండ్లు, చెల్లెకు ఐదు. అమ్మ పోయిన వారం, తిథి, ఆఖరుకు ఆమె అన్న మాట, అన్ని చెప్పగల్గుత. మొహం మాత్రం రాలె.

"చెల్లె, అమ్మ నీకు అగుపడుతదా?"

ఆమె కిటికీ దిక్కు తిరిగి ఊకున్నది. నేను పిలువలె. రైలు ఒక చిన్న స్టేషన్ల ఆగి మల్ల కదిలింది.

"ముక్కుపుడకల ఒక రాయి ఊడింది," అన్నది మెల్లగ. "కుడి బుగ్గ మీద సన్న గుంత. నవ్వితె పై పెదవి ఒక దిక్కే లేస్తది. నీకు గూడ లేస్తది చూడు, అచ్చం అట్లనే."

ఇప్పుడు ఆ సన్న పట్టాలు లేవు, ఆ బొగ్గు వాసన లేదు. పాలమూరు రైలు అంటె నాకు ఆ మధ్యాహ్నమే. జడ్చర్ల వచ్చెదాక నా పై పెదవి మీద వేలు పెట్టుకొనే కూసున్న.