పెళ్లికొడుకు ఎక్కే కారు

మా ఊళ్లో ఎవరింట పెళ్లయినా పెళ్లికొడుకు మా తాతగారి నల్ల కారులోనే ఊరేగాలి. ఆయన పెట్టిన మర్యాద అది. కారు ఇచ్చి అద్దె పుచ్చుకోవడం మా ఇంట లేదు. పొలాలు పోయినా ఆ మర్యాద మాత్రం మానలేదు.

మొన్న వేసవిలో ఒక రైతు తన కొడుకు పెళ్లికి కారు అడగడానికి వచ్చాడు. ఒకప్పుడు మా చేను కౌలుకు చేసి, తర్వాత దాన్నే కొనుక్కున్నవాడు. బండి రిపేరులో ఉందన్నాను.

“పొద్దున్నే స్టార్ట్ చేశారు, చప్పుడు విన్నాగా బాబుగారూ. మా తమ్ముడి పెళ్లికిచ్చారు. మీ చేను కొన్నానని మావోడికి ఇవ్వనంటున్నారా?”

మా వంశంలో ఎవరూ అలాంటి మాట పడలేదు. అసలు సంగతి చెప్పడం అంతకంటే కష్టంగానే ఉంది. అయినా చెప్పాను.

“కారు బాగానే ఉంది. ఇన్సూరెన్స్ లేదు. కౌలుకు వేసిన మిర్చి అంతా తాలైపోయింది, ఈ ఏడు కట్టలేకపోయాను.”

అతను తేలిగ్గా నవ్వి, మన ఊళ్లో మనల్ని ఆపేదెవరన్నాడు. ఆపితే మొదటిసారి రెండు వేలు జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా వేయవచ్చని, రెండోసారి జరిమానా నాలుగు వేలని చెప్పాను. నడిపినవాడితోపాటు నడపనిచ్చిన యజమానిదీ తప్పే. నా భయం జరిమానా గురించి కాదు. ఊరేగింపులో కుర్రాళ్లు కారు ముందే వెనక్కి అడుగులేస్తూ డాన్సు చేస్తారు. ఎవడి కాలి మీదనో చక్రం ఎక్కితే నష్టపరిహారం నేనే కట్టాలి. అమ్మడానికి ఇక ఇల్లే మిగిలింది.

తను ఇన్సూరెన్స్ కడతానంటాడేమోనని బిగుసుకుని కూర్చున్నాను. ఆ మాట అతను ఎత్తలేదు. కాసేపు కారుకేసి చూశాడు.

“రోడ్డెక్కితేనే గదండీ తప్పు? మీ ఆవరణలోనే మావోడు కారెక్కితే?”

అలాగే చేశాం. పెళ్లిరోజు మేళంతో సహా అందరూ మా గేటు దాటి లోపలికొచ్చారు. పెళ్లికొడుకు వెనక సీట్లో కూర్చున్నాడు, ఫోటోలు తీశారు, మా ఆవిడ హారతిచ్చింది. ఇంజను ఆపే ఉంచాను. తర్వాత అతను దిగి, ఇన్సూరెన్స్ ఉన్న జీపెక్కి ఊరేగింపుకు వెళ్లాడు.

ఇంతకుముందు కారు పెళ్లివారింటికి వెళ్లేది. ఇప్పుడు పెళ్లివాళ్లే మా ఇంటికొస్తున్నారు. ముహూర్తాల రోజుల్లో పొద్దున్నే కారు కడిగి, గేటు రెండు రెక్కలూ తీసి పెడుతున్నాను.